ఒక్క లైన్ స్క్రిప్ట్

ఫట్!

జైరాం ముఖం మానిటర్‌కు కొట్టుకుంది. స్క్రీన్ పగిలింది. ముక్కులోంచి కారిన రక్తం కీబోర్డు అక్షరాల మధ్యకు పాకుతోంది.

మెడ మీద చెయ్యి... ఇనుప పట్టు!

"ఇంకోసారి ఒర్రితే కిటికీల నుంచి ఇసిరేస్త బిడ్డా!" అన్నాడు భాస్కర్.

2013 మే నెల. మిట్టమధ్యాహ్నం. సూర్యాపేట బస్టాండు ఎదురు సందులో, మొదటి అంతస్తులో ఒక చిన్న గది. కింద బస్సుల హారన్లు. పైన జైరాం ఎంత అరిచినా ఎవరికీ వినపడదు.

భాస్కర్ ఎవరో జైరాంకు బాగా తెలుసు. మిర్యాలగూడలో ఓ రైస్‌మిల్లు సేటుకు కుడిభుజం. నాలుగు నెలల కిందట దస్రు అనే హమాలీని మిల్లు గేటు దగ్గర పట్టపగలు నరికి చంపాడు. కూలి పెంచమని హమాలీలను కూడగట్టడమే దస్రు చేసిన నేరం. భాస్కర్ ఇప్పుడు బెయిల్ మీద తిరుగుతున్నాడు.

దస్రు... జైరాంకు సొంత అన్న!

గదిలో ఇంకో ఇద్దరున్నారు. తలుపుకు అడ్డంగా ఒక గుండువాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్న నవీన్. కళ్లద్దాలు, ఇస్త్రీ మడత నలగని చొక్కా. పది రోజుల కిందట ఈ నవీనే నవ్వుతూ వచ్చి జైరాం వెబ్‌సైట్‌కు యాడ్ ఇచ్చాడు.

ఇప్పుడూ అదే నవ్వు.

"భలేవాడివి జైరాం! అనుమానం వస్తే ఎవరికైనా చెప్తారు. నువ్వు నాకే ఫోన్ చేసి అడిగావు చూడూ... ఈ స్క్రిప్ట్‌లో స్వర్ణ పేరెందుకుంది అని!"

అరగంట కిందట చేసిన తప్పు. ఇప్పుడు ప్రాణం మీదికొచ్చింది.

జైరాం నడిపేది ఒక చిన్న వార్తల సైట్. కొత్త బ్రౌజర్లలో వచ్చిన ఓ సౌకర్యం చూసి మురిసిపోయి అందులో పెట్టాడు. పేజీ తెరవగానే పైన ఒక ప్రశ్న వస్తుంది. 'మీరెక్కడున్నారో ఈ సైట్‌కు తెలియనివ్వాలా?' అలౌ నొక్కితే చాలు. చివ్వెంలలో ఉన్నవాడికి చివ్వెంల వార్తలు. తుంగతుర్తిలో ఉన్నవాడికి తుంగతుర్తి వార్తలు.

నవీన్ ఇచ్చిన యాడ్ ఒకే ఒక్క లైన్. వేరే చోటి నుంచి వచ్చే స్క్రిప్ట్. జైరాం చదవకుండానే అతికించేశాడు.

జనం అలౌ నొక్కింది జైరాం సైట్‌ను నమ్మి. కానీ బ్రౌజర్ ఆ అనుమతిని పేజీ మొత్తానికీ ఇస్తుంది. లోపల నడుస్తున్న స్క్రిప్ట్ ఎవరు రాశారో అడగదు!

ఇవాళ పొద్దున అనుమానమొచ్చి ఆ స్క్రిప్ట్ విప్పి చూశాడు. వేలమంది చదివే సైట్‌లో అది వెతుకుతున్నది ఒక్క మనిషిని.

స్వర్ణను!

మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్. దస్రును నరుకుతుంటే కళ్లారా చూసింది. చూశానని పోలీసులకు చెప్పింది ఆమె ఒక్కతే. సోమవారం మిర్యాలగూడ కోర్టులో సాక్ష్యం. ఎక్కడ దాక్కుందో ఎవరికీ తెలియదు. కానీ కేసు వార్తల కోసం రోజూ ఈ సైట్ తెరుస్తోంది. పాత మెయిల్ ఐడీతోనే లాగిన్ అవుతోంది.

టింగ్!

నవీన్ ల్యాప్‌టాప్‌లో ఎర్ర చుక్క వెలిగింది.

"దొరికింది అన్నా! పేజీ తెరిచి, ఇన్నాళ్లకు అలౌ నొక్కింది. కోదాడ పక్కన అనంతగిరి... ఊరి చివర ఇల్లు!"

భాస్కర్ జైరాం మెడ వదిలాడు. నడుము దగ్గరి కత్తి సర్దుకున్నాడు.

"నడువ్. గంటల అయిపోవాలె." గుండువాడి వైపు తిరిగాడు. "గీన్ని ఖతం చేసి రా."

మెట్ల మీద అడుగుల చప్పుడు. కింద మరో ఇద్దరితో కాచుకుని ఉన్న స్కార్పియో స్టార్టయింది...

గుండువాడు నెట్‌వర్క్ వైరు పీకాడు. జైరాం గొంతుకు చుట్టాడు. బిగించాడు!

ఊపిరి ఆగింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు. కాళ్లు గాల్లో తన్నుకుంటున్నాయి. చెయ్యి బల్ల కింద తడిమింది... ఏదో తగిలింది. చదరంగా, బరువుగా.

యూపీఎస్!

ఉన్న బలమంతా కూడదీసుకుని వెనక్కి విసిరాడు. మోకాలి చిప్ప పగిలిన చప్పుడు. గుండువాడు కేక పెట్టి వంగాడు. వైరు సడలింది. జైరాం తిరిగాడు. రెండు చేతులతో యూపీఎస్ ఎత్తాడు. కణత మీద ఒకటి... ఇంకొకటి...

గుండువాడు కదల్లేదు.

జైరాం మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ దిగాడు. సందు చివర గోడకు ఆనుకుని ఫోన్ తీశాడు. ముందు పోలీసు నంబరు వందకు కొట్టాడు. తర్వాత మిర్యాలగూడ హమాలీల మేస్త్రీ బిచ్చాకు. తల్లికి అన్న. దస్రును ఎత్తుకుని పెంచిన మనిషి.

"మామా, ఏడున్నవ్?"

"కోదాడల. బైపాస్ కాడ బియ్యం గోదాము. మనోళ్లు నలభై మంది లోడింగు చేస్తున్నరు. ఏమైందిరా, గట్ల రొప్పుతున్నవ్?"

"అన్నను సంపినోడు స్వర్ణను సంపనీకి వోతుండు. ఆన్ని నీ కాడికి పంపిస్త!"

అవతల బస్తా కింద పడేసిన చప్పుడు.

"ఎందరు?"

"స్కార్పియోల నలుగురు."

"రానియ్."

ఫోన్‌లోనే సర్వర్ తెరిచాడు. వేళ్లకు రక్తం. టచ్ జారిపోతోంది! చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కాడు.

నవీన్ లైన్ తీసేస్తే లాభం లేదు. అనంతగిరి అని వాళ్లకు తెలిసిపోయింది. తీసెయ్యడం కాదు... అబద్ధం చెప్పించాలి!

నవీన్ లైన్‌కు పైన జైరాం రెండు లైన్లు రాశాడు. పేజీలో పైనున్నదే ముందు నడుస్తుంది. ఇక ఏ స్క్రిప్ట్ 'ఈమె ఎక్కడుంది?' అని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే. కోదాడ బైపాస్, బియ్యం గోదాము!

ఆ కింద స్వర్ణకు మాత్రమే కనిపించేలా ఎర్ర అక్షరాలు.

'స్వర్ణా! నేను దస్రు తమ్ముడిని. భాస్కర్‌కు నువ్వున్న చోటు తెలిసిపోయింది. ఇప్పుడే ఇల్లు వదులు!'

సేవ్.

కొత్త వార్తల కోసం పేజీ నిమిషానికోసారి దానంతటదే మారుతుంది. ఒక నిమిషం... ఎంత పొడుగ్గా ఉందో!

స్వర్ణ నుంచి కామెంట్ వచ్చింది. జైరాం ఒప్పుకుంటే తప్ప అది బయట ఎవరికీ కనపడదు. 'ఎక్కడికి పోవాలె?'

'ఎక్కడికైనా! వాళ్లను కోదాడ గోదాముకు మళ్లించాను. బిచ్చా మామ చూసుకుంటాడు.'

మళ్లీ నిమిషం.

'నాలుగు నెలల సంది ఈ ఇంట్ల దాక్కున్న. బయట అడుగు పెట్టలే. ఇగ దాక్కోను. నేను గోదాముకే వస్తున్న.'

'వద్దు!'

స్వర్ణ అప్పటికే లాగౌట్ అయిపోయింది.

జైరాం మళ్లీ వందకు కొట్టి పోలీసులకు గోదాము గుర్తు చెప్పాడు. బైకు ఎక్కాడు. కిక్కు కొట్టాడు.

హైవే మీద ఎండ మండుతోంది. స్పీడోమీటరు ముల్లు తొంభై... వంద... ముక్కు దగ్గర రక్తం ఎండి చర్మం లాగుతోంది. వాళ్లు నమ్మారా? లేక నేరుగా అనంతగిరికే పోతున్నారా?

కోదాడ బైపాస్.

దూరంగా నల్ల స్కార్పియో! నెమ్మదించింది. ఆగింది.

స్కార్పియో గోదాము వైపు తిరిగింది.

నమ్మారు!

జైరాం పక్క తలుపులోంచి లోపలికి దూరాడు. చీకటిగా ఉంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నిట్లు రెండు నిలువుల ఎత్తున ఉన్నాయి. సగం లోడైన లారీ ఒకటి. మనిషి అలికిడి లేదు. బిచ్చా ఒక్కడే నేల మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

నలుగురూ పెద్ద గేటులోంచి వచ్చారు. నవీన్ చేతిలో ల్యాప్‌టాప్.

"ఇక్కడే చూపిస్తోందన్నా. ఇక్కడికొచ్చాక అడుగు కూడా కదల్లేదు."

"ఏయ్ ముసలోడా! పిల్ల ఏది?" భాస్కర్ కత్తి దూశాడు.

బిచ్చా బీడీ నేలకు నలిపాడు. లేచాడు.

"పిల్ల లేదు. నేనున్న. దస్రు మేనమామను."

ధడాల్!

వెనక షట్టర్ పడింది. బస్తాల నిట్ల మీద ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. పది... ఇరవై... నలభై మంది! ప్రతి చేతిలో బస్తాలు లాగే ఇనుప కొక్కెం.

భాస్కర్ తేరుకునేలోగా పైనుంచి బస్తా జారింది. వంద కిలోలు! డ్రైవర్ దాని కింద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు. రెండోవాడు పరుగెత్తాడు. కొక్కెం తొడలో దిగింది. నేల మీద ఈడ్చుకుపోయారు.

నవీన్ ఒక నిట్టు చాటుకు నక్కాడు. భాస్కర్ కత్తి గాల్లో తిరిగింది. ఒక హమాలీ చెయ్యి తెగింది. రక్తం బియ్యం మీద చిమ్మింది!

జైరాం దూకాడు. కత్తి భుజం మీద గీసింది. మంట! అయినా నడుము పట్టి పడగొట్టాడు. ఇద్దరూ దొర్లారు. భాస్కర్ వేళ్లు గొంతు మీద... నొక్కుతున్నాయి...

కచక్!

బిచ్చా కొక్కెం భాస్కర్ భుజంలో దిగింది. అలాగే పైకి లాగాడు. భాస్కర్ ఒర్రిన ఒర్రుడికి కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

జైరాం కింద పడ్డ కత్తి అందుకున్నాడు. రొప్పుతూ నిలబడ్డాడు. ఎదురుగా అన్నను నరికిన చెయ్యి. ఒక్క వేటు చాలు...

కత్తి ఎత్తాడు!

"ఆగు!"

పక్క తలుపు దగ్గర ఆడ గొంతు. చెమటతో తడిసిన చున్నీ. బయట ఇంకా ఆపని స్కూటీ చప్పుడు.

స్వర్ణ!

"సంపకు. నీకు దండం పెడ్త. గీడు సస్తే నేను ఎవని మీద సాక్ష్యం చెప్పాలె? కోర్టుల నిలవెట్టి పేరు వెట్టి పిలవాలె గీన్ని."

జైరాం భాస్కర్ ముఖంలోకి చూశాడు. కత్తి మెల్లగా కిందికి దిగింది.

భాస్కర్ రక్తం ఉమ్మాడు. మొదటిసారి ఆ కళ్లలో భయం.

"దవాఖానకు తీస్కపోండ్రి... అన్నీ చెప్త. దస్రును నేనే నరికిన... నరకమన్నది సేటు. కోర్టుల చెప్త... సేటు పేరు చెప్..."

ధన్!

భాస్కర్ నుదుటి మీద ఎర్రటి రంధ్రం. మాట సగంలోనే ఆగింది. పక్కకు ఒరిగాడు.

అందరూ తిరిగి చూశారు.

నవీన్! చేతిలో ల్యాప్‌టాప్ లేదు. పిస్తోలు ఉంది. ముఖంలో నవ్వు అలాగే ఉంది.

"సారీ అన్నా," అన్నాడు శవంతో. "నువ్వు నోరు విప్పితే ఏం చెయ్యాలో సేటు నాకు ముందే చెప్పాడు."

పిస్తోలు స్వర్ణ వైపు తిరిగింది.

"ఇక నువ్వొక్కదానివే. సాక్షి లేకపోతే సేటు మీద కేసే ఉండదు."

జైరాం కదలబోయాడు. పది అడుగుల దూరం. అందదు!

స్వర్ణ వెనక్కి జరగలేదు.

"ఒక్కదాన్నా? జర సుట్టు సూడు."

నవీన్ చూశాడు.

బస్తాల మీద. లారీ మీద. గేటు దగ్గర. వాడు కాల్చడం కళ్లారా చూసిన నలభై ముఖాలు. ఒక్కరూ తల తిప్పుకోలేదు. ఒక్కరూ కళ్లు దించలేదు.

వాడి ముఖంలో నవ్వు పోయింది.

"నేను చూసిన," అన్నాడు చెయ్యి తెగిన హమాలీ.

"నేను చూసిన," అన్నాడు లారీ మీదివాడు.

నవీన్ పిస్తోలు అటు తిప్పాడు... ఇటు తిప్పాడు... మళ్లీ స్వర్ణకు గురిపెట్టాడు. వేలు ట్రిగ్గర్‌ను నొక్కింది!

అదే క్షణంలో వెనక నుంచి బిచ్చా కొక్కెం వాడి మణికట్టులో దిగింది.

ధన్!

గుండు కప్పు రేకును చీల్చుకుని పోయింది. పిస్తోలు నేల మీద పడి జారింది. నవీన్ మోకాళ్ల మీద కూలబడి కేకలు పెడుతున్నాడు. బయట పోలీసు సైరన్ దగ్గరవుతోంది.

స్వర్ణ ముందుకు నడిచింది. పిస్తోలు మీద కాలు వేసి తొక్కిపట్టింది.

"షట్టర్ లేపుండ్రి," అంది. "పోలీసులకు ముందుగాల నేనే చెప్త."