కిటికీ పక్క కంప్యూటరు

ఆ ఆఫీసులో వెనక గది పేరెత్తితే ప్యూను కూడా గొంతు తగ్గించేస్తాడు. చీకటి పడ్డాక అటు ఎవరూ తొంగి చూడరు. అక్కడ కంప్యూటర్లో నింపే ఫారం ఉన్నట్టు ఉండదట... పెరుగుతుందట!

మిగతా కంప్యూటర్లలో బుద్ధిగా కనిపించే అదే ఫారం, ఆ గదిలో మూలనున్న దాంట్లోనూ కిటికీ పక్కదాంట్లోనూ ఉబ్బిపోతుంది. గళ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అడుగున ఉండాల్సిన సేవ్ బటను తెర దాటి ఎటో పోతుంది. ఇవాళ సరిచేస్తే, తెల్లారేసరికి మళ్లీ అదే తంతు.

సరిచేసే పిల్ల హెడ్ గుమాస్తాకి సొంత మేనకోడలు. ఆయన మాట మీదే చేరింది. "రేపటికి అన్నిట్లో ఒకేలా కనపడాలి. లేదా, ఇంక రావద్దు" అనేశాడు మేనేజరు.

ఏం చేస్తుంది? ఆ రాత్రి బీరువా వెనక నక్కి కూర్చుంది.

నిశ్శబ్దం... చెప్పుల చప్పుడు... మూల కంప్యూటరు ముందు ఓ ఆకారం, తెరకి ముక్కు ఆనించి! అక్షరాలు బుస్సున ఉబ్బాయి.

పిల్ల టార్చి వేసింది.

"మామయ్యా! మీరా?"

"అరవకే!" అన్నాడు హెడ్ గుమాస్తా గుసగుసగా. "కళ్లు ఆనట్లేదు. పగలు పెద్దవి చేసుకుంటే నలుగురూ చూడరూ?"

"కళ్లజోడు పెట్టుకోవచ్చుగా!"

"చచ్చినా పెట్టను. ఆ కిటికీ పక్క కూర్చునే గుమాస్తాని, పాపం, ప్రాణం పోయేదాకా సోడాబుడ్డీ సోడాబుడ్డీ అని ఏడిపించింది నేనే. ఇప్పుడు నాకెంత నామర్దా!"

"అంటే నా ఉద్యోగం పోయినా ఫర్వాలేదా?"

ఆయన మౌసు అందుకున్నాడు. గొణుక్కుంటూ అక్షరాలు తగ్గించాడు.

"ఆ రెండోది కూడా సరిచేయండి మరి."

"రెండోదా? నేను ముట్టేది ఇదొక్కటేనే..."

ఇద్దరూ కిటికీ వైపు తిరిగారు.

తెర దానంతటదే వెలిగింది. అక్షరాలు ఉబ్బుతున్నాయి... ఇంకా... ఇంకా... చివరికి 'పేరు' అన్న మాటొక్కటే తెరంతా ఆక్రమించింది. ఖాళీ కుర్చీ కిర్రుమంటూ ముందుకి జరిగింది.

మామయ్య జేబులోంచి కళ్లజోడు తీశాడు. కొని దాచుకున్నదే గానీ ఒక్కసారీ పెట్టుకోనిది! కీబోర్డు పక్కన పెట్టాడు.

"పెట్టుకోరా... పవరు కుదరకపోతే నన్ననకు."

అక్షరాలు చిన్నవయ్యాయి. గళ్లు వరసలో నిలబడ్డాయి. అడుగున సేవ్ బటను కనపడింది.

పిల్ల హమ్మయ్య అనుకునేలోపే — కీబోర్డు టకటకలాడింది. పేరు రాసే గడిలో మామయ్య పేరు పడింది. పక్కనే, ఇంటిపేరు గడిలో... 'సోడాబుడ్డి'.

మౌసు సేవ్ బటను మీదికి కదిలింది.

టిక్.