ఇంకొంచెం వెనక్కి

మూతపడిన లాండ్రీ కింద, నేలమాళిగలో వాళ్ళ గది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి బిగించారు. పైకప్పుకి గుడ్ల అట్టలు అతికించారు. ఎంత తుడిచినా సబ్బు వాసనా చెమ్మ వాసనా మాత్రం వదల్లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో లోపలున్నవాళ్ళకి తెలియదు. కిటికీ ఉంటే కదా తెలియడానికి!

బ్యాండు పేరు ఆవిరి. మనుషులు ముగ్గురే. గిటారు అక్కది, పాట చెల్లిది. డ్రమ్ మెషీనూ రికార్డింగూ చూసుకునేది వాళ్ళ మేనత్త కొడుకు. అతన్ని ఇద్దరూ బావా అనే పిలుస్తారు. వాళ్ళది డ్రీమ్ పాప్. గిటారు మోత మంచులా కమ్ముకుంటుంది, గొంతు ఆ మంచు వెనక ఎక్కడినుంచో వస్తుంది. వినేవాడికి తను మేలుకుని ఉన్నాడో కల కంటున్నాడో తెలియదు.

ఆ దూరాన్ని అందరూ మెషీన్లతో పుట్టిస్తారు. అక్క మాత్రం ససేమిరా అంది. "మైకు కదలదు. మనిషే కదలాలి," అన్నది ఆవిడ శాసనం. మొదటి ఆల్బమ్‌లో చెల్లి మైకు ముందే నిలబడి పాడింది. రెండోదానికి గుమ్మం దగ్గర నిలబడింది. మూడోదానికి గుమ్మం అవతల నడవాలో. ప్రతిసారీ అక్క తన స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒకటే మాట అనేది. "ఇంకొంచెం వెనక్కి."

ఆవిరి సౌండు ఏటికేడాదీ ఎదుగుతోందని విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఎదిగింది సౌండు కాదు, అక్క కడుపులో మంట. మొదటి ఆల్బమ్ విన్న ప్రతివాడూ ఆ పాడిన అమ్మాయి ఎవరని అడిగాడే తప్ప, ఆ గిటారు ఎవరిదని ఒక్కడైనా అడిగిన పాపాన పోలేదు. రాత్రింబవళ్ళు కూర్చుని పాటలు కట్టింది తను. పేరు మాత్రం చెల్లికి.

చెల్లి నోట్లో నాలుక లేని పిల్ల. అక్క గీసిన గీత దాటదు. దానికి ఉన్నదల్లా ఒకటే భయం, చీకటి. ఇంత వయసొచ్చినా దీపం వేసుకునే పడుకుంటుంది. ఆ సంగతి అక్కకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

నాలుగో ఆల్బమ్‌కి నడవా చివర దాకా వెళ్ళారు. అక్కడ నేలలో ఇనప మూత ఉంది, దాని కింద లాండ్రీవాళ్ళ పాత నీళ్ళ తొట్టి. ఎండిపోయి ఏళ్ళయింది.

"ఇందులోకా అక్కా?"

"ఎండిపోయిన తొట్టే. నిన్నేం మింగెయ్యదు."

"మూత తెరిచే ఉంచుతావుగా?"

"ఉంచుతాలే. దిగు."

దిగింది. పాడింది. చివర్లో ఎప్పటిలాగే, "వినిపిస్తోందా అక్కా?" అని అడిగింది. గదిలో అక్క పెదవి విరిచింది.

"ఇంకొంచెం వెనక్కి."

"వెనక్కెక్కడికే? అక్కడ గోడ," అన్నాడు బావ.

అక్క లేచి నడవా చివరికి వెళ్ళింది. కిందనుంచి చెల్లి మొహం ఆశగా పైకి చూసింది. "అయిపోయిందా?"

"ఇంకొక్కసారి," అని నవ్వింది అక్క. మూత మూసి గడియ పెట్టింది.

ఆ ఇనప చప్పుడు గదిదాకా వినిపించింది. బావ గతుక్కుమన్నాడు. "మూసేశావా? దానికి చీకటంటే..."

"పాట అయ్యేదాకే. చచ్చిపోదులే. నువ్వు నొక్కు," అంటూ అక్క తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుంది.

బావ ఎప్పుడూ గోడమీద పిల్లే. ఎర్ర బటన్ నొక్కాడు.

మొదట దబదబా బాదిన చప్పుడు వచ్చింది. తర్వాత ఏడుపు. అక్కా... అక్కా... అని. అక్క కదల్లేదు. బాగా ఏడిస్తే గొంతు ఇంకా మెత్తబడుతుందని కూడా అనుకుంది.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు పాట మొదలైంది. అంత అందంగా ఆ పిల్ల ఎన్నడూ పాడలేదు. అక్క చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నేళ్ళూ తను వెతికిన దూరం అదే. కాసేపటికి గొంతుతోపాటు ఇంకేదో వినిపించింది. అడుగుల చప్పుడు. ఒకదాని తర్వాత ఒకటి, తీరుబడిగా.

బావ గొంతు తగ్గించాడు. "ఆ తొట్టి ఎంతుంటుందే?"

"చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి."

"మరి అది... నడుస్తోందే..."

గొంతు దూరమవుతోంది. ఇంకా దూరం... ఇంకా...

"ఆపెయ్యనా?"

"ఆపావంటే చంపేస్తా. రానీ."

ఎక్కడో అడుగున, దారప్పోగంత సన్నగా వచ్చింది. "వినిపిస్తోందా... అక్కా..."

ఇక ఏమీ లేదు.

ఇద్దరూ పరిగెత్తారు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత లేపి టార్చి కొట్టారు. నాలుగు సిమెంటు గోడలు. పొడి నేల. ఒక మూల చెల్లి చెప్పులు, పక్కపక్కన, మొనలు గోడకి ఆనించి ఉన్నాయి. చెల్లి లేదు. బావ ఏడుస్తూ తొట్టిలోకి దూకి గోడలు తడమసాగాడు.

అక్క గదికి తిరిగొచ్చింది. చెల్లి కోసం కాదు. మెషీన్ ఇంకా తిరుగుతోందో లేదో, ఆ పాట పోతుందేమోనని. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. హమ్మయ్య అనుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

ఎవరో ఊపిరి పీల్చారు. మైకుకి పెదవులు ఆనించినంత దగ్గరగా.

మైకు ఎదురుగానే ఉంది. దాని ముందు ఎవరూ లేరు.

"అక్కా," అంది చెల్లి గొంతు, ఎంతో ముద్దుగా. "ఇంకొంచెం వెనక్కి."

అక్క కాలు దానంతట అదే వెనక్కి పడింది. రెండో కాలూ పడింది. వీపుకి బొంత తగలాలి. తగల్లేదు. ఇంకో అడుగు. గోడ లేదు. వైరు బిగిసి హెడ్‌ఫోన్లు ఊడి గదిలో పడిపోయాయి. అయినా చెవుల్లో మాట ఆగలేదు.

"ఇంకొంచెం... ఇంకొంచెం..."

సబ్బు వాసన. పాదాల కింద చల్లని సిమెంటు. గది మొదట తలుపంత కనిపించింది, తర్వాత అగ్గిపెట్టంత. అరవబోయింది. నోట్లోంచి పాట వచ్చింది. తన పాటే, తను కట్టిందే.

ఆ అగ్గిపెట్టంత వెలుగులో, తన స్టూలు మీద చెల్లి కూర్చుని ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. బావ ఒళ్ళంతా దుమ్ముతో లోపలికొచ్చి, ఆమెని చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళావే? ప్రాణాలు పోయాయి మాకు! అక్క ఏదీ?"

"పాడుతోంది," అంది చెల్లి, ఒక హెడ్‌ఫోను అతని చెవికి ఆనిస్తూ.

"వినిపిస్తోందా?" అని అక్క గొంతు చించుకుంది. "బావా, వినిపిస్తోందా?"

బావ విన్నాడు. అతని మొహం మెల్లగా విప్పారింది. "అబ్బ... ఎంత బాగుందే," అన్నాడు.

చెల్లి తల అడ్డంగా ఊపింది. "ఊహూఁ. ఇంకా దగ్గరగానే ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఒక్క రాత్రయినా దీపం లేకుండా పడుకోని ఆ పిల్ల, చెయ్యి చాపి, గదిలో ఉన్న ఒక్క దీపాన్నీ ఆర్పేసింది.