తిట్టే హక్కు

కౌన్సెలింగ్ హాలు గుమ్మం దగ్గర గుమస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు. ఆమె ర్యాంకు ఎదురుగా ఎర్ర ఇంకుతో 'గైర్హాజరు' అని రాసి ఉంది. మూడుసార్లు పిలిచారట. సాయంత్రం దాకా కూర్చోమన్నాడు. సీట్లు మిగిలితే రానివాళ్ళని మళ్ళీ పిలుస్తారు, మిగలకపోతే వచ్చే ఏడాదే.

వచ్చే ఏడాదికి ఆమెకి వయసు దాటిపోతుంది. బీఎస్సీ నర్సింగ్‌కి ఇదే ఆఖరి అవకాశం. వృద్ధుల ఆశ్రమంలో మంచం పట్టినవాళ్ళకి స్నానాలు చేయించి, అన్నం తినిపించి, మధ్యలో చిక్కిన అరగంటల్లో చదివి తెచ్చుకున్న ర్యాంకు అది.

గుమస్తాతో సరేనండి అని మెల్లగా చెప్పి ఆమె వెనక్కి తిరిగింది. వెనకాల ఇంటర్నెట్ సెంటర్ అతను హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అప్లికేషన్ నింపినవాడు. గంట క్రితం ఆశ్రమానికి పరుగెత్తుకొచ్చి, కౌన్సెలింగ్ ఇవాళేనని చెప్పి, బండి మీద తెచ్చి దించినవాడూ అతనే.

ఎవరి ఫారం నింపినా సెల్ నంబరు గడిలో తన షాపు నంబరే వేయడం అతని అలవాటు. ఓటీపీ కోసం జనం ఫోన్లు వెతుక్కుంటుంటే వెనక లైను పెరిగిపోతుందట. మెసేజీలు వచ్చాక ఎవరివి వాళ్ళకి పంపేవాడు. ఈసారి జ్వరంతో నాలుగు రోజులు షాపు మూశాడు. ఆమె కౌన్సెలింగ్ తేదీ షాపు సొరుగులోని ఫోనులోనే ఉండిపోయింది.

"నా సీటుని సొరుగులో పెట్టి తాళం వేశారు" అంది ఆమె.

"తప్పు నాదేనండి."

"తప్పు మీది, ఏడుపు నాది. బాగుంది పంపకం."

అతను ఆమెకి రెండడుగుల దూరంలో బెంచీ మీద కూర్చున్నాడు. వెళ్ళిపొమ్మంది. వెళ్ళలేదు. జేబులోంచి మడత కాగితం తీశాడు. అందులో తన నంబరుతో ఫారాలు వేసిన ముప్ఫై ఏడుగురి పేర్లున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పి, రేపే ఫారంలో వాళ్ళ సొంత నంబరు వేయిస్తానని మాట ఇస్తున్నాడు. అందరూ ఫోను బయటికి వినబడేలా వరసపెట్టి చీవాట్లు పెడుతున్నారు. ఆమె కిటికీ వైపు చూస్తున్నట్టు నటిస్తూ అన్నీ విన్నది. తన తరఫున ఊరంతా తిట్టిపెడుతున్నట్టు ప్రాణానికి హాయిగా ఉంది.

పదిహేడో మనిషి హద్దు దాటాడు. ఇతని తల్లినీ తండ్రినీ కూడా కలిపి తిడుతున్నాడు. ఇతను తల దించుకుని "అవునండీ, అవునండీ" అంటున్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఫోను లాక్కుంది.

"చూడండి సార్, తప్పు చేశాడు, తనే ఫోన్ చేసి ఒప్పుకుంటున్నాడు. మీకింకా టైముంది. ఇతన్ని తిట్టాలంటే నేను ముందొచ్చాను. నా వంతే ఇంకా పూర్తి కాలేదు."

ఫోను పెట్టేశాక ఆమెకి తన మీదే కోపం వచ్చింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు.

"నవ్వితే చంపుతాను."

"నవ్వలేదండి" అన్నాడు, నవ్వాపుకుంటూ.

అయిదింటికి రెండు సీట్లు మిగిలాయి. రానివాళ్ళలో మొదట పిలిచింది ఆమె ర్యాంకునే. ప్రిన్సిపాల్ మేడమ్ సర్టిఫికెట్లన్నీ తిరగేసి, ఎందుకు ఆలస్యమైందని అడిగింది. కబురు ఆలస్యంగా అందిందని మాత్రమే చెప్పింది ఈమె. సీటు కాగితం చేతికొచ్చేదాకా మేడమ్ పెన్ను మీంచి చూపు తిప్పలేదు.

బయటికొచ్చి కాగితం అతని ముఖం ముందు పెట్టింది. చదివి అతను మెట్ల మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"సీటొచ్చింది నాకు. నువ్వెందుకు ఏడుస్తావు?"

మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరూ గమనించారు, ఎవరూ సరిదిద్దలేదు.

"మరి కోపం పోయినట్టేనాండీ?"

"ఎవరన్నారు? నాలుగేళ్ళ కోర్సు. కోర్సయ్యేదాకా రోజూ వచ్చి తిట్లు తిను."

"రోజూనా?"

"ఆదివారాలు రెండు పూటలా."

ఆమె అమ్మకి ఫోన్ చేసింది. సీటు సంగతి చెబుతూనే, కాగితం నలుపుతున్నావని అతన్ని కసిరింది, కళ్ళు తుడుచుకున్న చేత్తో పట్టుకోవద్దని మళ్ళీ కసిరింది. అమ్మ సంతోషంతో కాసేపు ఏడ్చి, ఎవరే అక్కడ అని అడిగింది. నా కొంప ముంచబోయినవాడు అని ఈమె జరిగిందంతా చెప్పుకొచ్చింది.

అమ్మ అంతా వింది. "పరాయివాళ్ళు కాలు తొక్కినా పల్లెత్తు మాట అనవు నువ్వు. అరిస్తే నా మీదా, మీ నాన్న మీదా, అన్నయ్య మీదా అరుస్తావు. ఈ అబ్బాయి మీద ఎప్పట్నుంచి అరుస్తున్నావే?"

"పొద్దున్నుంచి" అంది. అన్నాక గానీ తానేం ఒప్పుకుందో అర్థం కాలేదు. చెవులు వేడెక్కాయి.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నాడా? తినకపోతే ఇంటికి తీసుకురా" అని అమ్మ ఫోను పెట్టేసింది.

ఆమె అతని వైపు తిరిగింది. ఆ మాట కూడా కోపంగానే అడిగింది.