హైవే మీద వడ్లు

వెనక హెడ్‌లైట్లు... దగ్గరికొస్తున్నాయి!

అమూల్య స్కూటీ యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పేసింది. ఇంక తిరగదు.

జనగామ దాటాక హైదరాబాద్ హైవే. అప్పుడే చీకటి పడింది. లారీలు, బస్సులు, పని ముగించుకుని ఇళ్లకు పోయే కార్లు... ఇన్ని బండ్లున్నాయి, ఆగేవాడు ఒక్కడూ లేడు!

ఆ తెల్లకారులో ఉన్నది నవీన్. తన ఊరివాడే. చిన్నప్పటి నుంచి అన్నా అని పిలిచినవాడే.

ఇందాక ఫ్లైఓవర్ కింద జాకీర్‌ని కారుతో గుద్దాడు. రివర్స్ తీసి మళ్లీ ఎక్కించాడు! రేపు భూమి కేసులో నవీన్ మీద సాక్ష్యం చెప్పాల్సినవాడు జాకీర్. అమూల్య అంతా ఫోన్‌లో తీసింది.

నవీన్ చూశాడు.

"అమూల్యా! ఆగు!" కారు పక్కకొచ్చేసింది. "ఫోన్ ఇచ్చి పో! నిన్నేం జెయ్య!"

"నవీనన్నా, నీ కాల్మొక్త... ఇడిసిపెట్టు!"

ధన్! కారు తగులుతుంది. హ్యాండిల్ ఊగిపోతుంది.

ఎదురుగా అంచు లేన్‌లో వడ్లు. తమ వడ్లే! పొద్దున ఆరబోసింది తనే. పందులు రాకుండా చుట్టూ తుమ్మకంప వేసిందీ తనే. ఒక మూల మాత్రం సందు వదిలింది.

కుప్ప దగ్గర కావలి పడుకున్నది... తల్లి గట్టమ్మ!

అయ్యో... చావును నేరుగా అవ్వ దగ్గరికే తెచ్చానా?

స్కూటీ జారిపోతుంది. అమూల్య లేస్తుంది. సందులోంచి చెప్పులతోనే వడ్ల మీదికి పరుగు!

"ఎవలది? చెప్పుల్తోని తొక్కుతున్నది!" గట్టమ్మ లేచి కూర్చుంటుంది.

"అవ్వా, నేనే! నవీనన్న చంపుతడు... ఉరుకు!"

కారు ఆగుతుంది. నవీన్ దిగుతాడు. చేతిలో ఇనుప రాడ్.

"పెద్దమ్మా, నువ్వు పండుకో. నీ బిడ్డతోని జర పనుంది."

గట్టమ్మ కూతురికి అడ్డంగా నిలబడుతుంది. చేతిలో పార.

నవీన్ రోడ్డు వైపు నుంచి వడ్ల అంచుకు వస్తాడు.

ఆగుతాడు.

ఎందుకు ఆగాడు? చీకట్లో ఏం చేస్తున్నాడు? అమూల్యకు కనిపించదు. భయంతో కళ్లు మూసుకుంటుంది.

ఒక అడుగు...

"అమ్మా!"

అరిచింది నవీన్! అరికాలి నిండా తుమ్మముళ్లు! ఒంటికాలి మీద వెనక్కి గెంతుతున్నాడు. ఇంకా వెనక్కి... పక్క లేన్‌లోకి...

హారన్!

బ్రేకులు కీచుమంటాయి!

తర్వాత ఏ అరుపూ లేదు.

లారీ లైట్లు వడ్ల మీద పడుతున్నాయి. కంప అవతల రెండు చెప్పులు. జతగా, పక్కపక్కన.

గట్టమ్మ చేతిలోంచి పార జారిపోతుంది.

"మనిషిని సంపెటోడు... వడ్లు తొక్కద్దని చెప్పులిడిసిండే బిడ్డా!"

అమూల్య కిందికి చూసుకుంటుంది.

తన చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.