బడి కింద గోడలో చప్పుడు

మనీలాలో మా పేట బడి కింద నేలమాళిగ ఉంది. చీకటి పడితే అక్కడికి ఎవరూ దిగరు. ఆ కాంక్రీటు గోడ లోపల్నుంచి తడుతుంది. మూడు దెబ్బలు... ఆగి, రెండు.

దెయ్యమంటారు. నన్నడిగితే దెయ్యాలే నయం. ముప్ఫై ఏళ్ల కిందట ఆ గోడ పోస్తుంటే పోన్సో అనే కూలీ అచ్చులోకి జారిపడ్డాడు. పోత మధ్యలో ఆపితే గోడకి అతుకు పడుతుందట — గుత్తేదారు మనుషులు ఆపలేదు! పెళ్లాన్నొదిలి పారిపోయాడని చాటారు, సిగ్గులేని వెధవలు.

ఆ పెళ్లాం లుడింగ్, మా పక్కింటి ముసలమ్మ. నవంబరులో పోయినవాళ్ల పండగకి అందరూ సమాధుల మీద కొవ్వొత్తులు పెడితే ఆవిడ తన గుమ్మంలో పెట్టేది. ఈ ఏడు మంచం పట్టింది. "పాతిపెట్టడానికి ఏదైనా తేరా... ఒక్క ఎముకైనా," అని కొడుకు తెమ్యో చెయ్యి పట్టుకుంది.

తెమ్యో పని కాంక్రీటు కోయడం. నిప్పంటుకుంటే పిల్లలు బయటపడాలని ఆ గోడకే కొత్త ద్వారం పెడుతున్నారు. బడి వదిలాకే పని.

ఇంజినీరమ్మ సోలెదాద్ ఎర్రగీత గీసింది. "ముందు నాలుగు మూలలూ గుండ్రంగా తొలువు, తెమ్యో అన్నా. గీత లోపల తెగినదానికి ఇనుప ఫ్రేము బిగిస్తాం. బయట ఒక్క చువ్వ తెగిందా — భూకంపానికి ఈ గోడ నిలవదు. పైన ఆరొందల మంది పిల్లలు."

"మా నాన్న గీత బయటుంటే?"

"ఉండనీ. నా ఉసురు తియ్యకు."

ఆమె పైకెళ్లింది. గోడ తట్టింది — గీతకి మూరెడు బయట. అచ్చం నాన్న ఇంటికొచ్చి తలుపు తట్టినట్టే!

తెమ్యో డ్రిల్లు అక్కడే ఆనించాడు. మీట ఒక్కసారి నొక్కి ఆపాడు. "ఒక్క ముక్క, నాన్నా... అమ్మ పోతోంది."

చప్పుడు లేదు.

తర్వాత — గీత మీద, కుడి మూల, తొలవమన్న చోటే... మూడు. రెండు.

ఏడుస్తూ అక్కడ తొలిచాడు. జానెడు ముక్క చేతిలోకి జారింది. దానిలో ఇరుక్కుని నాన్న నీలం రబ్బరు చెప్పు అంచు.

గీత బయట డ్రిల్లు గాటు చూసి ఇంజినీరమ్మ గోడలోని చువ్వల్ని చూపే యంత్రంతో వెతికింది. దాని వెనకే నాలుగు లావు చువ్వలు. "బతికించావురా దేవుడా," అని అక్కడే కూలబడింది.

ఇదంతా తెమ్యో చెప్పింది. నేను చూసిందొకటుంది.

ముసలమ్మ ఆ ముక్కని గుండెల మీద పెట్టుకుంది. "ఎంతకాలం నిలబడ్డావయ్యా బయట!" అంటూ గోటితో తట్టింది. మూడు.

ముక్క లోపల్నుంచి... రెండు.