గ్లాసులో మిగిలిన నీళ్ళు

ముఠా కొరియర్ లిఫ్టులోనే చనిపోయాడు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు చేతులు పట్టుకునేలోపే షర్టు కాలర్ కొరికాడు. అందులో సైనైడ్ ఉంది.

"వీడి ముఖం ముఠాలో ఎవరికీ తెలీదు," అన్నాడు చీఫ్. "వచ్చేవారం హోటల్ లాంజ్‌లో వీడికి ఒక బ్రీఫ్‌కేస్ ఇస్తారు. వీడి బదులు నువ్వెళ్తావు."

"అందులో ఏముంది సార్?"

"టైమ్ బాంబు. హోటల్ వెనక పంప్‌హౌస్ ఉంది కదా, అక్కడ పెట్టాలట. అది పేలితే ఊరు ఊరంతా నీళ్ళకి అల్లాడిపోతుంది."

ఏజెంట్ తలూపాడు. తక్కువ మాట్లాడతాడని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మౌని అంటారు.

"వాళ్ళు స్పానిష్‌లోనే మాట్లాడతారు. కోడ్ అంతా ఒక్క క్రియాపదం మీదే నడుస్తుంది. కెదార్. కొరియర్‌కీ అంతకుమించి రాదు కాబట్టి బతికిపోయావు. నేర్పడానికి ఒక టీచరమ్మ ఉంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఆవిడ కూతురు మన ఏజెంటే. ఆ ముఠాలోకే పంపాం. కబురు ఆగిపోయింది. పోయిందని ఆవిడకి చెప్పేశాం. ఆ ఊసెత్తకు."

టీచరమ్మ ముందు గదిలో ఒక బల్ల, దాని మీద నీళ్ళ గ్లాసు, కుర్చీ వీపుకి తగిలించిన కోటు ఉన్నాయి.

"మిగలడం, కుదరడం, కలుద్దామని అనుకోవడం, ఉండిపోవడం. అన్నిటికీ కెదారే. బట్టీపడితే రాదు నాయనా. ముట్టుకుని చెప్పు."

ఆవిడ పద్ధతి అది. ఎంత మిగిలిందో చెప్పాలంటే గ్లాసులో నీళ్ళ మట్టం దగ్గర వేలు పెట్టాలి. బాగా కుదిరింది అనాలంటే ఎదుటివాళ్ళ కాలర్ సర్దాలి. గడియారం వైపు చూపిస్తూ "కెదామోస్", కలుద్దాం, అనాలి. "మె కేదో", నేను ఉండిపోతాను, అనేటప్పుడు కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించాలి.

ఒకసారి మౌని ఖాళీ గ్లాసు అడుగున వేలు పెట్టి, చాలా మిగిలాయి అన్నాడు.

"అబ్బో! ఏవీ, నాక్కూడా కాస్త పొయ్యి," అంది టీచరమ్మ. తర్వాత నవ్వు ఆపి, "నోరు తప్పు చెప్పినా వేలు చెప్పదు. వేలినే నమ్ముకో," అంది.

కోటు ఎవరిదని అతను అడగలేదు. దాని చేతులు చిన్నవి.

లాంజ్‌లోకి మౌని పెట్టుడు మీసంతో, రంగు కళ్ళద్దాలతో వెళ్ళాడు. జేబులో పెన్ను, పెన్నులో వైర్లు తెంపే కటర్. బల్ల దగ్గర తోలు గ్లౌజుల పెద్దమనిషి, పక్కన నీలం కోటు వేసుకున్న స్త్రీ. ఆమెను చూస్తూ వెయిటర్ కాఫీ ఒలకబోసుకున్నాడు.

"తే కేదా బియెన్," నీకు బాగా కుదిరింది, అంటూ ఆమె మౌని కాలర్ సర్దింది. పాస్‌వర్డ్ అదే. అతను జవాబు చెప్పి, నేర్చుకున్న అలవాటుతో గ్లాసు ముట్టుకుని, టైము ఎంత ఉందని అడిగాడు.

"కేదా ముచో త్యేంపో." చాలా టైముంది.

ఆమె వేలు గ్లాసు మీద ఉంది. అడుగున గుక్కెడు నీళ్ళే ఉన్నాయి.

మౌని ఆ వేలి వంకే చూశాడు. ఇలా ముట్టుకుని చెప్పడం ఒక్క గదిలోనే నేర్పుతారు. టైము లేదు. బాంబుతో పాటు కొరియర్ కూడా పోవాలని ముఠా ఏర్పాటు.

బ్రీఫ్‌కేస్ తీసుకుని లేచాడు. గ్లౌజులాయన కూడా లేవబోయాడు. వెనకే వస్తే అంతా అయిపోయినట్టే.

ఆమె కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించింది. "మె కేదో," అంది నవ్వుతూ. గ్లౌజులాయన ఆ నవ్వు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

సర్వీస్ మెట్ల కింద మౌని పెట్టె తెరిచాడు. ఎర్ర అంకె సున్నాకి దిగుతుండగా వైరు తెగింది. అతని సిగ్నల్‌తో మనవాళ్ళు లాంజ్‌లోకి దూసుకెళ్ళారు. గ్లౌజులాయన కిచెన్ తలుపు దగ్గర దొరికాడు. పేలుడు వినిపించకపోయేసరికి అతనికి సంగతి అర్థమైనట్టుంది. ఆమె కుర్చీలోనే ఉంది. నీలం కోటుకి గుండీ పక్కన చిన్న తూటా కన్నం. అరచెయ్యి కుర్చీ మీదే ఉంది.

"ఇన్నాళ్ళూ బతికే ఉంది సార్," అన్నాడు మౌని. "వాళ్ళమ్మకి ఏం చెప్పాలి?"

"పోయిందని ఎప్పుడో చెప్పాం కదా," అన్నాడు చీఫ్, అతని వైపు చూడకుండా. "మళ్ళీ రెండోసారి ఎందుకు?"

మౌని టీచరమ్మ ఇంటికే వెళ్ళాడు.

"పనైందా నాయనా?"

"అయింది టీచర్. అవతలామె గ్లాసు అడుగున వేలు పెట్టి, చాలా ఉంది అని చెప్పింది. అందుకే అయింది."

టీచరమ్మ కుర్చీ మీది కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది.

"అది కావాలనే అలా చెప్పి ఉంటుంది," అంది. "పాఠం ఎప్పుడూ తప్పేది కాదు." కోటు నిమురుతూ అడిగింది, "కుర్చీ మీద చెయ్యి వేసిందా?"

అబద్ధాలు చెప్పడానికే డిపార్ట్‌మెంట్ అతనికి జీతం ఇస్తుంది.

"వేసింది టీచర్."

ఆవిడ తలూపింది. మౌని చీకటి పడేదాకా కూర్చుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, గోడ గడియారం వైపు చూపిస్తూ, "ఆదివారం వస్తాను. కెదామోస్," అన్నాడు.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అంత ఘోరంగా పలికి ఎలా బతికొచ్చావు నాయనా!"