దొరల రేవులో దిగబడిన పడవ

పొద్దు గూకినాక మనిషన్నవాడు కాలు పెట్టని జాగా ఒకటుంది బేతమంగళ చెరువు దగ్గర. దొరల రేవు అంటారు. చెరువు నుంచి పంపుహౌసుకి నీళ్ళు తీసుకుపోయే సన్నటి కాలవ, ఆ కాలవ చివర రాతి మెట్లు. చీకట్లో ఆ కాలవ గుటక వేస్తుందట... ఎవరో దొరసాని ఆ బురదలో కూరుకుపోయిందనీ, పడవ వస్తే అడుగు పట్టుకుంటుందనీ చెప్పుకుంటారు.

ఓబలప్పకి దెయ్యాల భయం లేదు. అక్కడి కంపు అంటేనే ఒళ్ళు మండేది. కుళ్ళిన నాచు, చచ్చిన చేపలు... పట్టుగూళ్ళు ఉడికించిన కుండను కడక్కుండా మూతపెట్టి వదిలేస్తే ఎట్లా ఉంటుందో, అట్లా.

ఓబలప్ప బంగారు గనిలో తాళ్ళ పని మేస్త్రీ. దొరలు పోయి గనులు సర్కారు చేతికి వచ్చిన కొత్తలు. దొర ఒకడు వదిలేసి పోయిన తెరచాప పడవ చెరువు మధ్యలో పడి ఉండేది. సముద్రంలో తిరగాల్సిన పడవ! తిరగబడకుండా దాని అడుగున రొమ్మెత్తు ఇనుప రెక్క. అలాంటిదాన్ని చెరువుకి తెచ్చిన దొర బుద్ధి ఒకటైతే, దాన్ని మెట్ల దాకా లాక్కొచ్చి పూలదండ వెయ్యమన్న ఆఫీసరు శ్రీనివాసప్ప బుద్ధి ఇంకొకటి. తెల్లారితే ఢిల్లీ పెద్దాయన వచ్చి అందులో ఎక్కి ఫోటో దిగుతాడట. థూ!

"కాలవలో లోతు చాలదు సార్," అన్నాడు ఓబలప్ప. "పంపు ఆడితే నీళ్ళు దిగిపోతాయి. ఆపితేనే చెరువు నీళ్ళొచ్చి నిండుతాయి. పడవ మెట్లకి చేరేదాకా పంపు ఆపించల్ల."

"ఆపిస్తాలేప్పా," అన్నాడు శ్రీనివాసప్ప, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

సాయంత్రం పంపు ఆగింది. నీళ్ళు ఎక్కేసరికి చీకటి పడింది. ఓబలప్ప, అతని బావమరిది చౌడప్ప వెదురు గడలు వేసి పడవను కాలవలోకి తోశారు. గట్టు మీద శ్రీనివాసప్ప టార్చి పట్టుకుని నడుస్తున్నాడు.

సగం దూరం బాగానే వచ్చారు. అప్పుడు...

గుటక!

ఎక్కడో కింద పెద్ద గొంతు ఒకటి నీళ్ళు మింగినట్టు. పడవ టక్కున ఆగిపోయింది.

"బావా... ఏందో పట్టుకున్నాది," అన్నాడు చౌడప్ప గుసగుసగా.

"బురదరా. దిగి భుజం పెట్టు."

చౌడప్ప దిగాడు. రొమ్ము దాకా నీళ్ళు, తొడల దాకా బురద. కదిలిన బురదలోంచి లేచిన కంపుకి ఓబలప్ప అంచు మీంచి వంగి వాంతి చేసుకున్నాడు.

మళ్ళీ గుటక — ఈసారి పొడుగ్గా. నీళ్ళు దిగుతున్నాయి. పడవ చెక్కలు మూలిగాయి... మెల్లగా, చౌడప్ప వైపే ఒరగడం మొదలుపెట్టింది.

"బావా! కాలు రాలేదు బావా!"

గట్టు మీద టార్చి ఊగింది, ఆరిపోయింది. ఆ వెంటనే జీపు స్టార్టయిన చప్పుడు. ఆఫీసరు పారిపోయాడు.

పడవ అంచు చౌడప్ప భుజం మీదికి దిగింది. ముఖం బురద వైపు వంగుతోంది. ఓబలప్పకి భార్య మారమ్మ కళ్ళ ముందు నిలిచింది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. వాణ్ణి ఈ రొచ్చులో పోగొట్టుకుని ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవడం? గొంతు చించుకుని అరిచాడు. పలికేవాడు లేడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు దూరంగా మోటారు రొద వినబడింది. గుటకలేస్తున్నది దొరసాని కాదు... పంపు!

గట్టు వెంట పంపుహౌసుకి పోయే ఇనుప పైపు ఉంది. ఓబలప్ప పడవలోని స్పానరు అందుకుని అవతలి వైపు దూకి, బురదలో పాక్కుంటూ దాన్ని చేరాడు. గనిలోకి మనుషుల్ని దించే బోను నడిపేవాడికి కిందనుంచి కేక వినబడదు, దెబ్బలే మాటలు. ఒక దెబ్బంటే ఆపమని. పంపు నడిపే ఆవులప్ప ఒకప్పుడు బోను నడిపినవాడే.

ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. ఠంగ్!

ఆ విసురుకి స్పానరు చెయ్యి జారి చీకట్లో పడింది. బురదంతా తడిమాడు. చేతికి మెత్తగా చచ్చిన చేప తగిలింది గాని స్పానరు దొరకలేదు. ఏడుపొచ్చింది.

మోటారు రొద ఆగింది.

చెరువు నీళ్ళు మెల్లగా కాలవలోకి వచ్చాయి. పడవ లేచింది. చంకల కింద తాడు వేసి లాగితే చౌడప్ప బయటపడ్డాడు — నోటి నిండా బురద, కాని ప్రాణంతో.

ఇద్దరూ పంపుహౌసుకి నడిచారు. ఆవులప్ప లాంతరు ఎత్తి చూసి ముక్కు మూసుకున్నాడు.

"పంపు ఎందుకాడించినావప్పా?" అడిగాడు ఓబలప్ప.

"మీ ఆఫీసరే చెప్పి పోయినాడు. పెద్దాయన బంగళాలో స్నానాల తొట్టి నిండలేదంట. చీకటి పడినాక ఆడించు, అప్పటికి పడవ చేరిపోతాదని అన్నాడే!"

ఓబలప్ప కాండ్రించి ఉమ్మాడు. ఒంటి మీది బురద కన్నా ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది.

"పోనీ, నా దెబ్బ విన్నావు. అదే చాలు."

"ఉత్త ఒక దెబ్బే అయ్యుంటే ఎవరో రాయి ఏసినారని ఊరుకొనేవాణ్ణప్పా. ముందర మూడు కొట్టినావు కదా... గనిలో మాదిరే, మనుషులుండారని. ఇంగ ఒకటి పడినాక చెయ్యి దానంతట అదే స్విచ్చి మీదికి పోయినాది."

ఓబలప్ప చౌడప్ప వైపు చూశాడు. చౌడప్ప తల అడ్డంగా ఊపాడు.

"నా రెండు చేతులూ బురదలోనే ఉండినాయి బావా..."

"ఆవులప్పా," అన్నాడు ఓబలప్ప. "నేను కొట్టింది ఒకటే."